‘గ్రీన్ ఎయిర్‌పోర్ట్’ బోర్డు చూసి వచ్చిన అనుమానం: విమానాల కాలుష్యం నిజంగా తగ్గుతోందా?

కిటికీసీటు
మొన్న ఆఫీసు పని మీద విమానం ఎక్కాల్సి వచ్చింది. టెర్మినల్‌లో ఎటు చూసినా పచ్చని బోర్డులే. పైకప్పు నిండా సోలార్ పలకలు, గోడలకు మొక్కలు, కాఫీలోకి కాగితం స్ట్రా. బాగానే ఉంది అనుకుంటూ వెళ్ళి కూర్చున్నా. తలుపులు వేశాక నలభై నిమిషాలు విమానం కదల్లేదు. తోక దగ్గర్నుంచి ఒకటే రొద. కదిలాక మళ్ళీ రన్‌వే దగ్గర క్యూ, మా ముందు ఏడెనిమిది విమానాలు, అన్నీ ఇంజన్లు వేసుకునే నిలబడ్డాయి. పైన పటారం లోన లొటారం అంటే ఇదే కదా అనిపించింది.

టికెట్ కొనేటప్పుడు ఇంకో తమాషా. ‘మీ ప్రయాణపు కార్బన్‌ను సమం చేసుకోండి’ అని ఒక గడి. చిల్లర డబ్బులిచ్చి టిక్కు పెడితే పాపం పోతుందట.

అడిగేది ఒకటే. సోలారు, స్ట్రాలు, టిక్కులు, కొత్త ఇంధనం అంటూ వచ్చే వార్తలు… వీటిలో ఏది అసలు సరుకు, ఏది షో? ‘ఎగరడం మానెయ్’ అన్న జవాబు తప్ప ఏదైనా చెప్పండి.

రైలుపిచ్చి
ఎగరడం మానెయ్.

కిటికీసీటు
మీరొస్తారని తెలుసు. అందుకే ముందే రాశా.

ర్యాంప్_రాజు
పదకొండేళ్ళుగా ర్యాంప్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, పనిచేస్తున్నా కాబట్టి ఆ రొద సంగతి నేను చెప్తా. విమానం తోక చివర చిన్న గొట్టంలాంటిది కనిపిస్తుంది చూడండి, దాని లోపల ఏపీయూ అని ఒక బుల్లి జెట్ ఇంజన్ ఉంటుంది. పెద్ద ఇంజన్లు ఆపేసి ఉన్నప్పుడు లోపల లైట్లకు, ఏసీకి అదే దిక్కు. 180 సీట్ల విమానంలో అది గంటకు వంద కిలోల పైనే ఇంధనం తాగుతుంది.

దానికి బదులు చెయ్యాల్సింది ఏమిటంటే, కింద నుంచి కరెంటు ఇవ్వాలి. ముందు చక్రం దగ్గర ఒక మూత ఉంటుంది. తెరిస్తే ఆరు పిన్నుల సాకెట్. 115 వోల్టులు, 400 హెర్ట్జ్, మీ ఇంటి కరెంటు కాదు. కేబుల్ నా మణికట్టంత లావుంటుంది, భుజాన వేసుకుని ఈడ్చుకెళ్ళి రెండు చేతులతో నెట్టాలి. సరిగ్గా కూర్చుంటే పక్కనే దీపం వెలుగుతుంది. ఏసీకి వేరే లావు గొట్టం. ఈ రెండూ పెడితే ఏపీయూ ఆపెయ్యొచ్చు. రొద ఉండదు, పొగ ఉండదు.

మరి ఎందుకు ఆపరు అంటారా? కేబుల్ ఉంటుంది, పిన్నులు అరిగి ఉంటాయి. గొట్టం ఉంటుంది, చిరుగు ఉంటుంది. ఎండ మండిపోతుంటే ఆ గొట్టంలోంచి వచ్చే గాలి చాలక లోపల జనం విసనకర్రల్లా కాగితాలు ఊపుకుంటారు. కెప్టెన్ ఓ పది నిమిషాలు చూసి ఏపీయూ వేసేస్తాడు. ఆయన్ని తప్పుపట్టలేం. కోట్లు పెట్టి సోలార్ వేసిన చోటే ఆ గొట్టానికి టేపు చుట్టి నడిపిస్తుండటం నేను కళ్ళారా చూశా. ఏ ఎయిర్‌పోర్టో అడక్కండి, నాకు ఉద్యోగం కావాలి.

వేపచెట్టు
టేపు చుట్టిన గొట్టం. ఈ థ్రెడ్‌కి టైటిల్ ఇదే పెట్టాల్సింది.

లెక్కల_మాష్టారు
కిటికీసీటు గారూ, మీ ప్రయాణానికే లెక్క కడదాం. రెండు గంటల ప్రయాణం, 180 సీట్ల విమానం అనుకోండి. ఇంధనం సుమారు 5 టన్నులు. కిలో ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే దగ్గర దగ్గర 16 టన్నులు. సీట్లు 83 శాతం నిండాయనుకుంటే 150 మంది. తలకు 105 కిలోలు. తిరుగు ప్రయాణానికి ఇంకో 105.

రాజు చెప్పిన ఏపీయూ నలభై నిమిషాలకు 70 కిలోల ఇంధనం. క్యూలో ఇరవై నిమిషాలు రెండు ఇంజన్లతో నిలబడితే నిమిషానికి పది కిలోల లెక్కన 200 కిలోలు. రెండూ కలిపి 270. ఐదు టన్నుల ముందు ఇది ఐదు శాతం పైచిలుకు. చిన్నదే, కానీ ఒక్క మైలు కూడా ముందుకు వెళ్ళకుండా తగలేసిన ఐదు శాతం.

స్ట్రా బరువు గ్రాము కూడా ఉండదు. దాని సంగతి మీకే వదిలేస్తున్నా.

సందేహాలరావు
మాష్టారూ, ఒక్క డౌటు. ఐదు టన్నుల ఇంధనం నుంచి పదహారు టన్నుల పొగ ఎలా వస్తుంది? మూడింతలు ఎక్కడి నుంచి పుట్టింది?

లెక్కల_మాష్టారు
గాలి నుంచి. ఇంధనంలో దాదాపు 86 శాతం కార్బనే. ఒక్కో కార్బన్ పరమాణువు బరువు 12. అది మండేటప్పుడు గాలిలోంచి రెండు ఆక్సిజన్లను, అంటే 32ను తగిలించుకుంటుంది. 12 కాస్తా 44 అయింది. 0.86ను 44తో గుణించి 12తో భాగించండి. 3.15 వస్తుంది. బరువంతా విమానం మోసుకెళ్ళలేదు, దారిలో కలిసింది.

సందేహాలరావు
ముప్పై ఏళ్ళ క్రితం మా కెమిస్ట్రీ సారు ఇలా చెప్పుంటే నేను ఇంకోలా ఉండేవాణ్ణి.

నిత్యప్రయాణికుడు
నెలకు నాలుగుసార్లు తిరిగేవాణ్ణి, సేల్స్ ఉద్యోగం. ఎప్పుడూ విమానాల మీదే ఎందుకు పడతారో అర్థం కాదు. ప్రపంచం మొత్తం కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా రెండున్నర శాతం. మిగతా తొంభై ఏడున్నర వదిలేసి మా మీద ఏడుపు.

వేపచెట్టు
గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు సార్ 😄

కానీ అన్నారు కాబట్టి చెప్తున్నా. 2018లో ప్రపంచ జనాభాలో విమానం ఎక్కింది పదకొండు శాతం మంది. వాళ్ళలోనూ తరచుగా ఎగిరే కొద్దిమంది, అంటే మొత్తం జనాభాలో ఒక్క శాతం, ప్రయాణికుల విమానాల పొగలో సగానికి కారణం. 2020లో వచ్చిన అధ్యయనం ఇది. రెండున్నర శాతం చిన్నదే, పంచుకునేవాళ్ళు ఇంకా తక్కువ.

లెక్కల_మాష్టారు
దానికి ఇంకో లెక్క జోడిస్తా. 1990 నుంచి 2019 దాకా చూస్తే ఒక్కో ప్రయాణికుణ్ణి కిలోమీటరు మోయడానికి అయ్యే ఇంధనం సగానికి పైగా తగ్గింది. గొప్ప విషయమే. కానీ అదే కాలంలో ప్రయాణం నాలుగింతలైంది. నాలుగును రెండుతో భాగిస్తే రెండు. అంటే పొగ రెట్టింపయింది. ఇంజన్ ఎంత మెరుగైనా జనం అంతకంటే వేగంగా ఎక్కుతున్నారు.

రెక్కచివర
ఇంజనీర్ల పక్షాన ఒక మాట. 2016లో సర్వీసులోకి వచ్చిన ఎయిర్‌బస్ ఏ320నియో పాత దానికంటే పదిహేను శాతం తక్కువ ఇంధనంతో నడుస్తోంది. ఇంజన్ ముందు ఫ్యాన్ పెద్దది చెయ్యడం అందులో ముఖ్యం. ఎక్కువ గాలిని నెమ్మదిగా నెట్టడం, తక్కువ గాలిని విసురుగా నెట్టడం కంటే లాభం. శబ్దం కూడా తగ్గుతుంది. రెక్క చివర పైకి వంచినందుకు మూడు నాలుగు శాతం. ఇవి బోర్డులు పెట్టుకోకుండా జరిగిన పనులు. నాలుగింతలు ఎక్కిన జనానికి ఇంజనీర్లేం చేస్తారు?

మేఘమాల
ఇంతసేపూ అందరూ కార్బన్ డయాక్సైడ్ దగ్గరే ఆగిపోయారు. నేను వాతావరణ శాస్త్రం చదువుతున్నా. విమానం వెనకాల ఆకాశంలో తెల్లటి చారలు చూసే ఉంటారుగా, వాటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇంజన్ పొగలో నీటి ఆవిరి, మసి రెండూ ఉంటాయి. పైన చలి మైనస్ 40 కంటే దిగువకు పోతే ఆవిరి ఆ మసి రేణువుల మీద గడ్డకట్టి మంచు పలుకులవుతుంది. గాలి పొడిగా ఉంటే నిమిషంలో మాయం. గాలిలో ఇప్పటికే తేమ నిండిపోయి ఉంటే పోదు, గంటల తరబడి పరుచుకుని పల్చటి మబ్బు అవుతుంది. ఆ మబ్బు భూమి వేడిని బయటికి పోనివ్వదు. పగలైతే కొంత ఎండను వెనక్కి కొడుతుంది కాబట్టి కాస్త సర్దుబాటు. రాత్రి ఆ సర్దుబాటు కూడా లేదు, ఉత్త దుప్పటి.

2021లో వచ్చిన పెద్ద అధ్యయనం అంచనా ప్రకారం విమానాల వల్ల భూమి వేడెక్కడంలో మూడింట రెండొంతులు ఇలాంటి కార్బన్ డయాక్సైడ్ కాని కారణాల వల్లే, అందులో పెద్ద వాటా ఈ చారలదే. అంచనాలో హెచ్చుతగ్గులు చాలా ఉన్నాయి, అది కూడా ఒప్పుకోవాలి. అవి కలిపితే విమానాల వాటా రెండున్నర కాదు, మూడున్నర శాతం.

నిత్యప్రయాణికుడు
అంటే ఇప్పుడు ఇంకో శాతం మా నెత్తిన వేశారు.

మేఘమాల
వేశా, కానీ దించే దారి కూడా ఉంది. చారలన్నీ ఒకటి కావు. కొద్ది విమానాలే ఎక్కువ నష్టం చేస్తాయి, ఎందుకంటే తేమ నిండిన పొర పల్చటిది. ఒకట్రెండు వేల అడుగులు పైకో కిందికో వెళ్తే తప్పించుకోవచ్చు. 2023లో గూగుల్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి 70 విమానాలతో పరీక్షించాయి. ఉపగ్రహ చిత్రాలతో ముందే ఊహించి ఎత్తు మార్చారు. చారలు 54 శాతం తగ్గాయి. ఎత్తు మార్చిన విమానాలకు అదనంగా అయిన ఇంధనం రెండు శాతం.

లెక్కల_మాష్టారు
రెండు శాతం ఎక్కువ కాల్చి తక్కువ వేడెక్కించడం. పిల్లలకు పరీక్షలో ఇస్తే సగం మంది తప్పు రాస్తారు.

రెక్కచివర
అమ్మాయి చెప్పింది కాగితం మీద బాగుంది. కానీ ఆకాశంలో దారులు ఖాళీగా లేవు. రద్దీ ఉన్న చోట నేను రెండు వేల అడుగులు దిగుతానంటే అక్కడ ఇంకొకడున్నాడు. కంట్రోలర్ ఒప్పుకోవాలి. పైగా తేమ అంచనా తప్పితే ఇంధనమూ పోయింది, చారా మిగిలింది.

మేఘమాల
నిజమే, అంచనా తప్పడమే అసలు తలనొప్పి. ఆ ఎత్తులో తేమను కొలిచే పరికరాలు చాలా తక్కువ విమానాల్లో ఉన్నాయి. అందుకే ముందు లెక్కలు రాయించడం మొదలైంది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి నుంచి ఎయిర్‌లైన్లు ఈ ప్రభావాలను కూడా లెక్కకట్టి చూపించాలి. (‘అమ్మాయి’ అక్కర్లేదండి, మేఘమాల చాలు.)

రెక్కచివర
సారీ మేఘమాల గారూ. మా అమ్మాయి వయసు ఉంటారేమో అని అలా వచ్చేసింది.

రన్‌వే_పక్కిల్లు
మీరంతా ముప్పై ఐదు వేల అడుగుల పైన మాట్లాడుకుంటున్నారు. నా బాధ ఆరువందల అడుగుల దగ్గర. మా ఇల్లు దిగే దారికి సరిగ్గా కింద. విమానం వస్తుందని ముందు గాజు తలుపు చెప్తుంది, సన్నగా గిలగిల్లాడుతుంది. తర్వాత ఫోన్‌లో అవతలివాళ్ళు ‘ఏంటా శబ్దం’ అంటారు. మా పాప పుట్టిన కొత్తలో విమానాల టైమ్‌టేబుల్ నాకు కంఠతా వచ్చేసింది, ఎప్పుడు పడుకోబెట్టాలో చూసుకోవాలిగా. అర్ధరాత్రి 2:20కి ఒక కార్గో విమానం. ఇప్పటికీ అది రాకముందే మెలకువ వస్తుంది. కార్బన్ ఎలా ఉన్నా సరే, నాకు నిద్ర కావాలి.

రైలుపిచ్చి
రైలు పట్టా పక్కన ఇల్లుంటే మాత్రం హాయిగా నిద్రపడుతుంది. అనుభవం.

రన్‌వే_పక్కిల్లు
మీరు ఒకసారి మా ఇంట్లో పడుకోండి, తర్వాత మాట్లాడదాం.

రెక్కచివర
దీనికి పనిచేసిన ఉదాహరణలున్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011 నుంచి రాత్రి పదకొండు నుంచి తెల్లవారి ఐదు దాకా షెడ్యూలు విమానాలకు నిషేధం. అంత పెద్ద కార్గో కేంద్రం, అయినా నడుస్తోంది.

రెండోది దిగే పద్ధతి. పాత పద్ధతిలో విమానం మెట్లు దిగినట్టు దిగుతుంది. కొంచెం దిగడం, ఇంజన్ పెంచి అదే ఎత్తులో సాగడం, మళ్ళీ దిగడం. అలా కాకుండా జారుడుబల్ల మీద జారినట్టు ఇంజన్లు దాదాపు తగ్గించేసి ఒకే వాలులో రావచ్చు. శబ్దం తగ్గుతుంది, ఇంధనమూ మిగులుతుంది. రద్దీ టైములో కంట్రోలర్‌కు కష్టం, మీ 2:20 కార్గోకి మాత్రం ఏ సాకూ లేదు.

పొలంగట్టు
ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయం కథ నాకు భలే నచ్చుతుంది. విమానం బయల్దేరేటప్పుడు వచ్చే బొంగురు శబ్దం నేల మీదుగా పాకుతూ ఊళ్ళోకి వెళ్ళేది. గోడలు కట్టినా ఆగని రకం. చుట్టుపక్కల జనం ఒకటి గమనించారు. పొలాలు దున్నాక ఆ రొద తగ్గుతోంది. చాళ్ళకు, చాళ్ళకు మధ్య మట్టి గట్లు శబ్దాన్ని చెదరగొడుతున్నాయి. 2013లో అదే సూత్రం మీద వరసలు వరసలుగా మట్టి గట్లు వేసి ఒక పార్కే కట్టారు. మధ్యలో నడకదారులు, సైకిల్ దారులు. నాగలికి ఉన్న తెలివి ఎవరికి తట్టింది చెప్పండి.

రన్‌వే_పక్కిల్లు
ఇది నాకు తెలీదు! మా దగ్గర రన్‌వే చుట్టూ ఉన్నదంతా చదును చేసి సిమెంటు పోశారు.

కిటికీసీటు
నేను అడిగిన టిక్కు గడి సంగతి ఎవరూ చెప్పలేదు. డబ్బులు కట్టాలా వద్దా?

వేపచెట్టు
కట్టకండి. అడవి ఎక్కడో ఉంటుంది, దాన్ని ఎవరూ కొట్టబోవడం లేదు. ‘కొట్టకుండా కాపాడాం’ అని చెప్పి దాని పేరు మీద క్రెడిట్లు, అంటే ‘ఇంత పొగ తగ్గించాం’ అనే చీటీలు, అమ్మిన సందర్భాలున్నాయి. మీ పొగ మాత్రం నిజంగా గాలిలో ఉంది. 2024 మార్చిలో నెదర్లాండ్స్‌లో ఒక కోర్టు, మొక్కలు నాటించి విమాన ప్రభావాన్ని తగ్గిస్తామని ఒక పెద్ద ఎయిర్‌లైన్ చేసుకున్న ప్రచారం తప్పుదారి పట్టించేలా ఉందని తీర్పిచ్చింది.

లెక్కల_మాష్టారు
ఇలా డబ్బు కట్టి పొగ లెక్క సరిచేసుకోవడాన్ని ఆఫ్‌సెట్ అంటారు. అన్ని ఆఫ్‌సెట్లూ దొంగవి అనను. కానీ ‘సమం’ అన్న మాట తప్పు. చెట్టు పెరగడానికి ముప్పై ఏళ్ళు, మీ పొగ రెండు గంటల్లో. చెట్టు తగలబడితే లెక్క మళ్ళీ మొదటికి. మంచి పనికి చందా ఇచ్చాననుకుని ఇవ్వండి, పాపం కడిగేసుకున్నాననుకోకండి.

ప్రభుత్వాల స్థాయిలో కూడా ఇదే పద్ధతి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016లో కోర్సియా అని ఒక పథకం ఒప్పించింది. 2024 నుంచి ఎయిర్‌లైన్లు 2019 నాటి పొగలో 85 శాతం దాటిన దానికే క్రెడిట్లు కొనాలి. అదీ అంతర్జాతీయ ప్రయాణాలకే. 2027 నుంచి చాలా దేశాలకు తప్పనిసరి. గమనించండి, 85 శాతం వరకూ అడిగేవాడు లేడు.

నిత్యప్రయాణికుడు
కారులో పెట్రోలు పోయించుకుంటే పన్ను కడుతున్నాం. అంతర్జాతీయ విమానాలకు ఇంధనం మీద పన్ను ఉండదట కదా? నేను కూడా ఆశ్చర్యపోయా.

లెక్కల_మాష్టారు
1944 షికాగో ఒప్పందం. ఒక దేశం నుంచి విమానం తన ట్యాంకులో తెచ్చుకున్న ఇంధనం మీద ఇంకో దేశం పన్ను వెయ్యకూడదని రాసుకున్నారు. దాని మీద దేశాల మధ్య బోలెడు ఒప్పందాలు పడి, మినహాయింపు పాతుకుపోయింది. కొత్త పరిశ్రమ నిలదొక్కుకోవాలని అప్పట్లో పెట్టారు. ఎనభై ఏళ్ళయింది, ఇంకా పసిబిడ్డే.

ర్యాంప్_రాజు
ట్యాంకు అన్నారు కాబట్టి ఇంకోటి. దిగబోయే చోట ఇంధనం ఖరీదైతే ఇక్కడే తిరుగు ప్రయాణానికి కూడా నింపేసుకుని వెళ్తారు. ట్యాంకరింగ్ అంటాం. ఆ అదనపు బరువు మొయ్యడానికి మళ్ళీ ఇంధనం కాలాలి. యూరప్‌లో విమాన రాకపోకలను సమన్వయం చేసే యూరోకంట్రోల్ వాళ్ళు 2019లో లెక్కేస్తే ఒక్క యూరప్‌లోనే ఏడాదికి తొమ్మిది లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఇలా అనవసరంగా పోతోందని తేలింది. మీరు టూత్‌బ్రష్ సగానికి విరిచి బరువు తగ్గించినా లాభం లేదు.

సందేహాలరావు
వాడిన నూనెతో విమానం ఎగురుతోందని పేపర్లో చదివా. నిజమేనా? నిజమైతే ఇంక గొడవేముంది?

రెక్కచివర
నిజమే. సాఫ్ అంటారు. వంట నూనె, కొవ్వు లాంటివి శుద్ధి చేసి జెట్ ఇంధనంలా మారుస్తారు. 2023 నవంబరు 28న వర్జిన్ అట్లాంటిక్ విమానం నూరు శాతం సాఫ్‌తో లండన్ నుంచి న్యూయార్క్ వెళ్ళింది. మామూలు సర్వీసుల్లో మాత్రం సగానికి మించి కలపడానికి అనుమతి లేదు. కారణం వింటే నవ్వొస్తుంది. పాత ఇంధనంలో ఆరోమాటిక్స్ అని ఉంటాయి, అవి రబ్బరు సీళ్ళను ఉబ్బించి లీకు కాకుండా పట్టి ఉంచుతాయి. సాఫ్‌లో అవి దాదాపు ఉండవు. ఇంత పెద్ద విమానం రబ్బరు వాషరు దగ్గర ఆగింది.

మేఘమాల
ఆ ఆరోమాటిక్స్ లేకపోవడమే మాకు లాభం కూడా. మసి తగ్గుతుంది, కాబట్టి మంచు పలుకులూ తగ్గుతాయి.

లెక్కల_మాష్టారు
రావు గారి ‘ఇంక గొడవేముంది’కి జవాబు: ఎంత ఉందన్నదే గొడవ. 2024లో ప్రపంచంలో తయారైన సాఫ్ మొత్తం పది లక్షల టన్నులు. విమానాలు తాగే ఇంధనంలో 0.3 శాతం. అంటే ఏడాదిలో ఒక్క రోజుకు సరిపడా. యూరోపియన్ యూనియన్ 2025లో రెండు శాతం, 2030కి ఆరు, 2050కి డెబ్భై అని చట్టం చేసింది. వాడిన నూనె అంత ఎక్కడిది? ప్రపంచమంతా కూర్చుని వేపుళ్ళు చేసినా చాలదు.

ఇంకో మెలిక. సాఫ్ కాలినా గొట్టంలోంచి వచ్చే పొగ దాదాపు అంతే. అందులోని కార్బన్ ముందే గాలిలోంచి మొక్కలు తీసుకున్నది కాబట్టి మొత్తం మీద కలిసొస్తుంది, బాగుంటే 80 శాతం దాకా. నూనె కోసం అడవి కొట్టి తోట వేస్తే ఆ లాభం గంగలో కలిసినట్టే.

పొలంగట్టు
మరి బ్యాటరీ విమానాలు?

రెక్కచివర
కిలో బ్యాటరీలో 250 వాట్-అవర్లు. కిలో జెట్ ఇంధనంలో 12,000 దాకా. ఎలక్ట్రిక్ మోటారు మూడింతలు సమర్థంగా పనిచేస్తుందనుకున్నా అందుకోలేం. పైగా ఇంధనం కాలుతూ బరువు తగ్గుతుంది, బ్యాటరీ ఖాళీ అయినా అంతే బరువు. 2020లో యూరప్‌లో పిప్‌స్ట్రెల్ వెలిస్ ఎలెక్ట్రో అనే రెండు సీట్ల విమానానికి సర్టిఫికెట్ ఇచ్చారు. శిక్షణకు బాగుంటుంది. గంట కూడా ఎగరదు.

హైడ్రోజన్ అని అడగబోతారు కాబట్టి అదీ చెప్పేస్తా. ద్రవంగా ఉంచాలంటే మైనస్ 253 డిగ్రీలు. జెట్ ఇంధనంతో పోలిస్తే నాలుగింతల చోటు. ఎయిర్‌బస్ 2035కి తెస్తామని 2020లో ప్రకటించి, 2025లో వెనక్కి జరిపింది.

కిటికీసీటు
నిజం చెప్పండి, అప్పుడు సోలార్ టెర్మినల్ మొత్తం షోయేనా? నేనే మొదలుపెట్టాను కానీ ఇప్పుడు జాలేస్తోంది.

పొలంగట్టు
షో కాదు. కొచ్చి విమానాశ్రయం 2015 ఆగస్టులో 12 మెగావాట్ల సోలార్‌తో పూర్తిగా ఎండ మీదే నడవడం మొదలెట్టింది, ప్రపంచంలో మొదటిది. 2018లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ‘చాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్’ అవార్డు వచ్చింది. పలకల మధ్య కూరగాయలు పండిస్తారు. పలకలు కడిగిన నీళ్ళే పాదులకు. విమానాశ్రయం అంటే ఎలాగూ విశాలమైన ఖాళీ నేల, ఎత్తయినవి కట్టకూడదు. సోలార్‌కు అంతకంటే మంచి చోటు ఏది?

వేపచెట్టు
కూరగాయలు బాగున్నాయి. కానీ ‘కార్బన్ న్యూట్రల్ విమానాశ్రయం’ అన్నప్పుడు ఏం లెక్కపెట్టారో అడగాలి. 2009లో మొదలైన విమానాశ్రయాల కార్బన్ గుర్తింపు పథకంలో కింది మెట్లు టెర్మినల్ కరెంటు, సొంత వాహనాల లాంటి వాటికే. ఎగిరిన విమానం పొగ ఎయిర్‌లైన్ ఖాతాలోకి పోతుంది. దేశాలు దాటే విమానమైతే ఏ దేశం మొత్తంలోనూ కలవదు. సంతలో తప్పిపోయిన పిల్లాడిలా ఎవరికీ చెందదు.

ర్యాంప్_రాజు
వేపచెట్టు గారితో సగం ఒప్పుకుంటా. విమానాలను నెట్టే మా టగ్గు బళ్ళు రెండేళ్ళ క్రితం డీజిల్ నుంచి బ్యాటరీకి మారాయి. కార్బన్ లెక్కలో అది చీమంత. కానీ ఇదివరకు షిఫ్టు దిగి ముక్కు తుడుచుకుంటే రుమాలు నల్లగా అయ్యేది. ఇప్పుడు తక్కువ. చీమంత అని మీరనచ్చు, ముక్కు నాది.

విమానాన్ని ఇంజన్లు వెయ్యకుండా రన్‌వే దాకా లాక్కెళ్ళే టాక్సీబాట్ అని ఒక బండి ఉంది, పైలట్ కాక్‌పిట్‌లోంచే నడుపుతాడు. ఢిల్లీలో 2019 నుంచి వాడుతున్నారు. మాష్టారు చెప్పిన ఆ 200 కిలోలకు అసలు మందు అది. కానీ అన్ని చోట్లా కుదరదు, బండి వెనక్కి రావడానికి వేరే దారి కావాలి. లేదంటే ఒక్క ఇంజన్‌తోనే రన్‌వే దాకా నడపొచ్చు, దానికి ఏ బండీ కొననక్కర్లేదు.

మోడరేటర్_శాంత
ఇద్దరు ముగ్గురు ఎయిర్‌లైన్ల పేర్లు పెట్టి సొంత ఫిర్యాదులు రాశారు, తీసేశాను. విషయం మీదే ఉండండి.

రైలుపిచ్చి
ఇప్పుడు నన్ను మాట్లాడనిస్తారా? ఫ్రాన్స్‌లో 2023 మేలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. రైల్లో రెండున్నర గంటల్లో వెళ్ళగలిగే చోటుకు విమానం నడపకూడదు.

నిత్యప్రయాణికుడు
చదివా. ఎన్ని రూట్లు ఆగాయో కూడా చెప్పండి.

రైలుపిచ్చి
…మూడు.

నిత్యప్రయాణికుడు
కొండను తవ్వి ఎలుకను పట్టారు.

రైలుపిచ్చి
ఎలుకైనా పట్టారుగా! తప్పు చట్టానిది కాదు, మినహాయింపులది. విమానం మారేవాళ్ళకు వర్తించదన్నారు. రెండున్నర బదులు నాలుగు గంటలు పెట్టుంటే లెక్క వేరేగా ఉండేది. నా మాట ఒకటే, మంచి రైలు ఉంటే జనం నిషేధం లేకుండానే దిగుతారు. రాత్రి ఎక్కి తెల్లారి దిగే బండి ఉందనుకోండి, విమానం కోసం తెల్లవారుజామున మూడింటికి లేచి, రెండు గంటలు ముందే వెళ్ళి, బెల్టు విప్పి, బూట్లు విప్పి…

సందేహాలరావు
రైల్లో పై బెర్తు వస్తే నా మోకాళ్ళ సంగతి?

రైలుపిచ్చి
మీకు నా కింది బెర్తు ఇస్తా రావుగారూ. ఉద్యమం కోసం త్యాగం.

కిటికీసీటు
సరే, మనిషిగా నా చేతిలో ఏముందో చెప్పండి. కంపెనీ పంపిస్తే వెళ్ళక తప్పదు.

లెక్కల_మాష్టారు
నాకు తోచింది. వెళ్ళక తప్పనప్పుడు మధ్యలో దిగి మారే టికెట్ కాకుండా నేరుగా వెళ్ళేది చూడండి, పైకి ఎక్కడానికే ఎక్కువ కాలుతుంది. మరీ సుదూర ప్రయాణాల్లో మాత్రం ఇంధనాన్ని మొయ్యడానికే ఇంధనం కావాలి కాబట్టి తేడా తగ్గుతుంది. కొత్త రకం విమానం ఉంటే అదే. బిజినెస్ క్లాసు వద్దు. ఒక సీటు ఆక్రమించే చోటును బట్టి ఎకానమీకి దాదాపు మూడింతలని ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2013లో లెక్కేశారు. స్ట్రా మీకిష్టమైతే వాడండి.

వేపచెట్టు
వీటన్నిటికంటే పెద్దది ఆ ‘వెళ్ళక తప్పదు’ అన్న మాటను ఒకసారి ఎత్తి చూడటం. గంట మీటింగుకు వెళ్ళి వచ్చే 210 కిలోలు, ఎవరు అడిగారు, ఎందుకు?

నిత్యప్రయాణికుడు
మూడు రోజులుగా ఈ థ్రెడ్ చదువుతూ కోపంగానే ఉన్నా. నిన్న కూర్చుని గత ఏడాది టికెట్లు లెక్కపెట్టా. నలభై ఆరుసార్లు వెళ్ళొచ్చాను. మాష్టారి లెక్కన పది టన్నులకు కాస్త తక్కువ, మేఘమాల గారి చారలు కలపకుండానే. అందులో పందొమ్మిది ప్రయాణాలు ఎందుకు వెళ్ళానో కూడా గుర్తులేదు. బిల్లులు చూస్తే తప్ప తెలీలేదు.

మేనేజర్‌ను అడిగా. నెలకు నాలుగులో రెండు వీడియోలో చెయ్యమన్నారు. ఖర్చు తగ్గుతుందని ఆయనకే ఎక్కువ సంతోషం.

రైలుపిచ్చి
మిగతా రెండు?

నిత్యప్రయాణికుడు
ఒకటి రాత్రి బండిలో వెళ్తా. రెండోదాని గురించి అడక్కండి.

సందేహాలరావు
కింది బెర్తు తీసుకోండి సార్.